లైట్ తీస్కో!

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఎవరికైనా మీ కష్టం చెప్పుకుని చూడండి. చలాన్ వచ్చిందా? లైట్. ఆటోవాడు మీటర్ వేయనన్నాడా? లైట్. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదా? "లైట్ తీస్కో భయ్!" పాతబస్తీ వైపు వెళ్తే అదే "లైట్ లే మియా" అవుతుంది.

అసలు కిటుకంతా 'గా'లో ఉంది. "రాత్రి లైట్‌గా తిన్నాను" అంటే కొంచెమే తిన్నానని. లైట్‌గా చినుకులు, లైట్‌గా డౌట్, లైట్‌గా తలనొప్పి, అన్నీ ఇదే వరస. ఆ 'గా' ఎగిరిపోయి "లైట్ తీసుకున్నా" అయిందో, పట్టించుకోలేదని అర్థం. "వాణ్ని లైట్ తీస్కో" అంటే ఓదార్పు. "నన్ను లైట్ తీసుకున్నాడు" అంటే మాత్రం మనసుకు తగిలిన దెబ్బే. పైగా ఇది ఒక ఈడువాళ్ల మధ్యే చెల్లే మాట. కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని నిలబడ్డ నాన్నతో అని చూడండి, తెలుస్తుంది!

ఇంగ్లీషులో వెలుగునిచ్చే లైట్ వేరు, బరువు లేని లైట్ వేరు. పుట్టుక వేరైనా కాలక్రమంలో స్పెల్లింగ్ ఒకటైపోయింది. ఈ రెండోదానికి సంస్కృతంలో దగ్గరి చుట్టం ఉంది: లఘు. బళ్లో గురువులూ లఘువులూ గుర్తించి గణవిభజన చేసినవాళ్లందరికీ పరిచయమున్న మాటే. ఊపిరితిత్తిని చెప్పే లంగ్ కూడా ఆ కుటుంబంలోదే. తేలిగ్గా ఉండే అవయవం కదా! ఇంగ్లండ్ కసాయి కొట్లలో గొర్రెల, పశువుల ఊపిరితిత్తులను ఏకంగా 'లైట్స్' అనే పిలిచేవారు, పిల్లులకు మేతగా కొనుక్కెళ్లేవారు.

కోడికునుకు తీసే మనిషిని వాళ్లు లైట్ స్లీపర్ అంటారు. లైట్ ఫింగర్డ్ అన్నారంటే పర్సు జాగ్రత్త, మనం చేతివాటం అనేది అదే.

రేడియోకీ ఈ మాటతో పని పడింది. లైట్ మ్యూజిక్‌ని 'తేలిక సంగీతం' అని ఉంటే ఎంత చప్పగా ఉండేదో! మన ప్రసారాల్లో అది లలిత సంగీతం అయింది. లైట్‌కి ఇంతకన్నా అందమైన పేరు పడలేదని నా అభిప్రాయం. కాకపోతే సాహిత్యం స్పష్టంగా పలకాలి, భావం చెడకూడదు, నాలుగైదు నిమిషాల్లో పాట ముగియాలి. పాడేవాళ్లను అడిగితే, అందులో లైట్ ఏమీ లేదంటారు.