పనిచేస్తున్న యాప్‌ని మళ్లీ మళ్లీ ఎందుకు మార్చాలి? ఒక జియోకాషింగ్ యాప్ కథ

నమస్కారం. ముందుగా స్క్రీన్ మీద ఈ క్లిప్ చూడండి. పోయిన ఆదివారం తీసింది. ఒక పెద్ద మర్రిచెట్టు కింద నిలబడి ఉన్నాను. దాచిన డబ్బా వెతకడానికి నేను రాసిన యాప్‌లో బాణం ఎడమవైపు చూపిస్తోంది, దూరం 6 మీటర్లు. ఎడమకి నాలుగడుగులు వేశాను. ఇప్పుడు బాణం వెనక్కి తిరిగింది, 9 మీటర్లు. సరే అని కదలకుండా నిలబడ్డాను. అంకె మాత్రం 9, 7, 11, మళ్లీ 8 అంటూ మారుతూనే ఉంది.

ఈ క్లిప్ చూసి మా తమ్ముడు రెండు ప్రశ్నలు అడిగాడు. "ఫోన్ పాడైందా అన్నయ్యా?" అన్నది మొదటిది. "యాప్ రెండేళ్ల కిందటే అయిపోయింది కదా, ఇంకా ఆదివారాలన్నీ దీనికే ఎందుకు పెడుతున్నావు?" అన్నది రెండోది. ఫోన్ బాగానే ఉంది. రెండో ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నాను.

జియోకాషింగ్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు (కోఆర్డినేట్లు) వెబ్‌సైట్‌లో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తారు. దొరికితే లోపలున్న కాగితం మీద పేరూ తేదీ రాసి, డబ్బాని ఉన్నచోటే పెట్టేసి వస్తారు. పెద్దవాళ్ల దాగుడుమూతలు అనుకోండి. కాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, దాచిపెట్టిన చోటు అని అర్థం. స్థలం యజమాని అనుమతి లేకుండా తవ్వి పాతిపెట్టడం నిషేధం. ఈ సంగతి మన దగ్గర మరీ గట్టిగా చెప్పాలి. ఎందుకంటే గుప్తనిధుల కోసం గుళ్లూ గుట్టలూ తవ్వేవాళ్ల వార్తలు మనం చూస్తూనే ఉంటాం. పాత కట్టడం దగ్గర ఫోన్ పట్టుకుని రాళ్ల మధ్య వెతుకుతుంటే వాచ్‌మన్‌కి అనుమానం రావడంలో తప్పేమీ లేదు. ముందే వెళ్లి ఆయనకి చెప్పండి.

ఈ ఆట పుట్టడానికి కారణం ఒక ప్రభుత్వ నిర్ణయం. జీపీఎస్ సిగ్నల్‌లో అమెరికా సైన్యం కావాలనే కొంత తప్పు కలిపేది. దానివల్ల మామూలు జనానికి 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న దాన్ని ఆపేశారు. మర్నాడే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి, దాని కోఆర్డినేట్లు ఒక ఇంటర్నెట్ గ్రూప్‌లో పెట్టాడు. అందులో లాగ్‌బుక్, పెన్సిల్‌తో పాటు ఒక బీన్స్ డబ్బా కూడా ఉంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో జెరెమీ ఐరిష్ జియోకాషింగ్ డాట్ కామ్ మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్నవి 75 కాష్‌లు. అప్పుడు జనం చేతిలో ఉన్నవి జీపీఎస్ పరికరాలు. 2008లో జీపీఎస్ ఉన్న ఐఫోన్, మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చాక ఆ పరికరం జేబులోకి చేరింది, ఆట యాప్‌లోకి వచ్చింది.

యాప్ అప్‌డేట్ అంటే ఏమిటో నేర్చుకోవాలనుకునే ఎవరికైనా నేను చూపించేది సీ-జియో అనే ఆండ్రాయిడ్ యాప్. ఉచితం, ఓపెన్ సోర్స్. మొదట రాసిన వ్యక్తి పక్కకి తప్పుకున్నాక 2011 నుంచి వాలంటీర్లే నడుపుతున్నారు. ఎవరికీ జీతం లేదు. కోడ్ అంతా గిట్‌హబ్ అనే సైట్‌లో ఉంది, మీరూ చదవొచ్చు. దాని వెర్షన్ నంబర్లు గమనించండి. 1.0, 2.0 అని ఉండవు. ఏ రోజు విడుదల చేస్తే ఆ తేదీయే వెర్షన్ నంబర్. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. పాల ప్యాకెట్ మీద తేదీ చూసినట్టు, ఈ యాప్ ఎంత తాజాదో పేరులోనే తెలిసిపోతుంది.

దానికి తాజాదనం ఎందుకంత ముఖ్యమంటే, జియోకాషింగ్ వెబ్‌సైట్‌కి అధికారికంగా ఒక ఏపీఐ (వేరే యాప్‌లు సమాచారం అడిగే ద్వారం) ఉంది గానీ, సీ-జియో దాన్ని వాడదు. మీ బ్రౌజర్ ఎలా పేజీ తెరుస్తుందో అలాగే తెరిచి, ఆ పేజీ కోడ్ (హెచ్‌టీఎంఎల్) లోంచి కాష్ పేరు, కోఆర్డినేట్లు, లాగ్‌లు (వెతికినవాళ్లు రాసిన నోట్లు) ఏరుకుంటుంది. అంటే అవతల వెబ్‌సైట్ వాళ్లు ఒక బటన్ జరిపినా, ఒక ట్యాగ్ పేరు మార్చినా ఇక్కడ యాప్‌కి చూపు పోతుంది. నిన్న రాత్రి దాకా పనిచేసింది, పొద్దున్నే లాగిన్ అవ్వదు. ఇటువైపు ఎవరూ ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. అయినా ఆ రోజే సరిచేసి, కొత్త తేదీతో వెర్షన్ వదలాలి. ఆఫీసు అయిపోయాక ఇంటికొచ్చి ఆ పని చేసేవాళ్లంటే నాకు చాలా గౌరవం.

వెబ్‌సైట్ ఒక్కటే కాదు, కింద ఆండ్రాయిడ్ కూడా మారిపోతూ ఉంటుంది. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చాక లొకేషన్ అనుమతి యాప్ నడుస్తుండగా అడగాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్ 10లో "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్న ఎంపిక వచ్చింది. ఆండ్రాయిడ్ 12లో ఇంకో మెలిక. కచ్చితమైన లొకేషన్ ఇవ్వాలా, సుమారు లొకేషన్ ఇస్తే చాలా అని ఫోనే అడుగుతుంది. సుమారు అంటే దాదాపు 3 చదరపు కిలోమీటర్ల పరిధి. వాతావరణం యాప్‌కి అది చాలు. మనం వెతికేది అగ్గిపెట్టెంత డబ్బా. అక్కడ సుమారు నొక్కితే బాణం ఉన్నా లేనట్టే. అందుకే ఆ ప్రశ్న రాకముందే, కచ్చితమైనది ఎందుకు కావాలో ఒక వాక్యంలో యాప్ చెప్పాలి. ఆ వాక్యం రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఇక ఫైళ్ల సంగతి. ఒకప్పుడు మెమరీ కార్డులో యాప్ తనకి నచ్చిన చోట ఫోల్డర్ పెట్టుకునేది. ఆండ్రాయిడ్ 11తో ఆ స్వేచ్ఛ పోయింది. జనం ఏళ్ల తరబడి దాచుకున్న మ్యాప్‌లు, జీపీఎక్స్ ఫైళ్లు (కాష్‌ల కోఆర్డినేట్లు, వివరాలు ఉండే ఫైళ్లు), నడిచిన దారుల రికార్డులు అన్నీ పాత ఫోల్డర్‌లోనే ఉన్నాయి. సీ-జియో వాళ్లు 2021లో ఈ మార్పు చేసినప్పుడు, యాప్ తెరవగానే ఫోల్డర్ ఎంచుకోమని దగ్గరుండి అడిగే ఏర్పాటు పెట్టారు. కొత్త ఫీచర్ ఒక్కటీ కనిపించని అప్‌డేట్ అది. పాతవి పోకుండా ఉండటం కోసమే అంత పని. వద్దనుకునే వీలు కూడా లేదు. యాప్ ఇటీవలి ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు ఉండాలని ప్లే స్టోర్ ప్రతి ఏటా టార్గెట్ ఏపీఐ గడువు పెడుతుంది, ఆ గడువు దాటితే అప్‌డేట్లు తీసుకోదు.

ఇప్పుడు నా యాప్ సంగతి. నేను ఉద్యోగంలో రాసేది వేరే. ఇది సాయంత్రాల పని. వెబ్‌సైట్ పేజీల జోలికి పోకుండా జీపీఎక్స్ ఫైల్ దిగుమతి చేసుకుని, మ్యాప్, బాణం చూపించే చిన్న యాప్. హైదరాబాద్‌లో ఎన్నిసార్లు పరీక్షించినా అద్భుతంగా పనిచేసేది. లండన్‌లో ఉన్న నా స్నేహితుడికి పంపాను. వెస్ట్‌మినిస్టర్ గడియారం దగ్గర నిలబడ్డవాడికి, ఆ గడియారమే 17 కిలోమీటర్లు తూర్పున ఉందని చూపించింది.

స్క్రీన్ మీద చూడండి. ఆ చోటు రేఖాంశం పశ్చిమం 0 డిగ్రీల 7.476 నిమిషాలు. నేను డిగ్రీల్ని ఒక పూర్ణాంకంగా తీసుకుని, పశ్చిమం కాబట్టి దానికి మైనస్ పెట్టి, ఆ అంకె మైనస్ అయితేనే మొత్తం మైనస్ అని రాశాను. కానీ పూర్ణాంకాల్లో మైనస్ సున్నా అంటే సున్నాయే. గుర్తు మాయమైంది, పశ్చిమం కాస్తా తూర్పు అయింది. మన దేశమంతా ఉత్తరం, తూర్పు. ఇక్కడ జన్మలో ఈ తప్పు కనిపించదు. దిశని ఎప్పుడూ విడిగా దాచాలి, గుణకారం అంతా అయ్యాక చివర్లో కలపాలి. ఇదే పని చేస్తున్న పిల్లలెవరైనా చూస్తుంటే దయచేసి ఇది రాసుకోండి.

కోఆర్డినేట్ల దగ్గరే ఇంకొకటి. జియోకాషింగ్‌లో డిగ్రీలు, దశాంశ నిమిషాలు వాడతారు. చార్మినార్ 17 డిగ్రీల 21.696 నిమిషాల ఉత్తరం, 78 డిగ్రీల 28.482 నిమిషాల తూర్పు. ఎవరైనా దీన్నే 17.21696, 78.28482 అని కొడితే? చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ ఆ చోటు చార్మినార్‌కి నైరుతిగా దాదాపు 26 కిలోమీటర్ల దూరంలో, శంషాబాద్‌కి పడమటి వైపు ఉంటుంది. కాబట్టి యాప్ తనంతట తాను ఊహించకూడదు. కొట్టిన అంకెల్ని ఎలా అర్థం చేసుకుందో మ్యాప్ మీద చూపించి, ఇదేనా అని అడగాలి.

అంకెల రాత కూడా ఇబ్బంది పెడుతుంది. ఫోన్ జర్మన్ భాషలో ఉంటే 21.696 బదులు 21 కామా 696 అని వస్తుంది. జర్మనీలో ఈ ఆట ఆడేవాళ్లు చాలా ఎక్కువ. మన పక్కనే చూడండి, ఫోన్ మరాఠీలో పెడితే అంకెలు దేవనాగరిలోకి మారిపోతాయి. తెలుగులో పెడితే మామూలు అంకెలే వస్తాయి కాబట్టి నాకు ఆ సంగతి తెలియలేదు. తెర మీద ఎలా ఉన్నా ఫర్వాలేదు. ఫైల్‌లోకి, సర్వర్‌కి వెళ్లే అంకె మాత్రం ఏ భాషకీ కట్టుబడని పద్ధతిలో రాయాలి.

దిక్సూచి సంగతి కూడా అంతే. ఫోన్‌లోని సెన్సార్ చూపించేది అయస్కాంత ఉత్తరం. హైదరాబాద్‌లో అసలు ఉత్తరానికీ దానికీ తేడా ఒక డిగ్రీ లోపే. అమెరికాలోని సియాటిల్‌లో సుమారు 15 డిగ్రీలు. ఆ సవరణ మర్చిపోతే 100 మీటర్ల దూరంలో 26 మీటర్లు పక్కకి చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లోనే ఈ తేడా లెక్కకట్టే క్లాస్ (సిద్ధంగా ఉన్న కోడ్ ముక్క) ఉంది, ఒక్క పిలుపు చాలు. కానీ ఇక్కడే కూర్చుని రాసేవాడికి ఆ పిలుపు అవసరమని తోచదు.

ఇప్పుడు ఆ మర్రిచెట్టు కిందకి తిరిగొద్దాం. ఫోన్ జీపీఎస్ తెరిపి ఆకాశం కింద 5 మీటర్ల లోపు తేడాతో చెప్తుంది. డబ్బా దాచినవాడి ఫోన్‌లోనూ అంతే తేడా ఉండి ఉంటుంది. రెండు తేడాలూ ఒకదానికొకటి ఎదురు వైపులకి పోతే 10 మీటర్లు. పైన దట్టమైన కొమ్మలుంటే సిగ్నల్ మరీ బలహీనమవుతుంది, పక్కన గోడలుంటే వాటికి తగిలి వంకరగా వస్తుంది. ఆ చివరి 10 మీటర్లలో బాణం చెప్పే మాట నమ్మదగింది కాదు. నా పాత వెర్షన్‌లో బాణం చివరిదాకా అంతే ధీమాగా తిరిగేది. చూసేవాడు దాని వెనకే గిరగిరా తిరుగుతూ ఫోన్‌లోంచి తల ఎత్తేవాడు కాదు. కొత్తదాంట్లో ఫోన్ చెప్పే కచ్చితత్వం కంటే దూరం తగ్గగానే బాణం మాయమవుతుంది. దాని చోట ఒక వృత్తం, కింద సూచన కనిపిస్తాయి. "ఇక కళ్లతో వెతకండి" అని ఒక మాట. నేను ఇప్పటిదాకా చేసిన మార్పుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. దీనికి కోడ్ 40 లైన్లు కూడా లేదు.

సూచన అన్నాను కదా. కాష్ పెట్టినవాళ్లు ఇచ్చే సూచనని రాట్ 13 అనే చిన్న సంకేత లిపిలో చూపిస్తారు. ప్రతి ఇంగ్లిష్ అక్షరాన్నీ 13 స్థానాలు జరపడం, అంతే. కావాలన్నవాళ్లే విప్పుకుని చదువుతారు. ఇది 26 అక్షరాల లిపికి చేసిన ఏర్పాటు. మీరు "రావి చెట్టు వెనక, రెండో రాయి కింద" అని తెలుగులో రాస్తే అది ఏమీ మారదు, అందరికీ బాహాటంగా కనిపిస్తుంది. అందుకని ఇంగ్లిష్ అక్షరాలు లేని సూచన వస్తే నా యాప్ దాన్ని తెర వెనక దాచి, నొక్కినప్పుడే చూపిస్తుంది. మన భాషలో కాష్ పెట్టాలనుకునేవాళ్లకి ఈ చిన్న మర్యాద దక్కాలని నా పట్టుదల.

బ్యాటరీ గురించి ఒక్క మాట. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ప్రతి సెకనూ లొకేషన్ అడగక్కర్లేదు, పది సెకన్లకోసారి చాలు. వంద మీటర్ల లోపలికి వచ్చాక సెకనుకోసారి. అడవిలో ఫోన్ ఆగిపోతే వెనక్కి వచ్చే దారి కూడా పోతుంది.

ఈ వారం విడుదల చేసే వెర్షన్‌లో మూడు మార్పులున్నాయి. ఒకటి, మరాఠీ ఫోన్లలో జీపీఎక్స్ ఎగుమతి సరిచేశాను. రెండు, ఇక్కడ పొద్దున్న రాసిన లాగ్ ముందురోజు తేదీతో వెళ్లేది, ఎందుకంటే జియోకాషింగ్ వెబ్‌సైట్ వాళ్లున్న సియాటిల్‌లో అప్పటికి ఇంకా నిన్నే. అది సరిచేశాను. మూడోది, ఉపగ్రహాల జాబితాలో, జీపీఎస్ లాంటి మన దేశపు నావిక్ ఉపగ్రహాల్ని నా యాప్ "తెలియనివి" అని చూపించేది. ఇప్పుడు పేరుతో చూపిస్తుంది. నావిక్‌లో ఎల్1 అనే రేడియో బ్యాండ్ సిగ్నల్ కూడా ఉన్న మొదటి ఉపగ్రహం ఎన్‌వీఎస్-01, 2023 మే 29న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. దాన్ని తెలియనిది అనడం నాకు మనసొప్పలేదు.

బీటా, అంటే పరీక్ష వెర్షన్, శనివారం వస్తుంది. ముందు కొద్దిమందికే ఇచ్చి, రెండు రోజులు ఆగి మిగతావాళ్లకి వదులుతాను. ఆదివారం మళ్లీ అదే మర్రిచెట్టు దగ్గరికి వెళ్తున్నాను. ఈసారి రెండు ఫోన్లు తీసుకెళ్తాను, ఒకటి ఎల్1 మాత్రమే పట్టేది, ఇంకొకటి ఎల్5 అనే ఇంకో బ్యాండ్ కూడా పట్టేది. రెండిట్లోనూ వృత్తం ఎంత పెద్దగా వస్తుందో కొలవాలి. తమ్ముడు కూడా వస్తానన్నాడు. వానకి లోపలి కాగితం తడిసి ఉంటే దాని మీద పెన్ను రాయదు కాబట్టి, పెన్సిల్ వాడే తెస్తానన్నాడు.