మాస్కు పెట్టకపోతే వైద్యం కాదా?

సభకు నమస్కారం. నాకిచ్చిన అంశం, పసిపిల్లల ఛాతీలో వైరస్ చేరినప్పుడు మాస్కు పెట్టి పీల్పించే మందులు. వాటిలో చాలావరకు పనిచేయవని చెప్పడానికే వచ్చాను కాబట్టి మిగతా మర్యాదలు నన్ను మన్నించాలి.

ఏడాది లోపు బిడ్డకు జలుబు చేస్తుంది. రెండు మూడు రోజులకు ఆయాసం, పిల్లికూతలు, డొక్కలెగరేయడం. ఇదే బ్రాంకియోలైటిస్. ఎక్కువగా ఆర్ఎస్‌వీ అనే వైరస్ చేసే పని. కూత వినపడగానే మన చెయ్యి ఉబ్బసం మందు సాల్బుటమాల్ మీదికి పోతుంది. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల చుట్టూ కండరం బిగుస్తుంది, ఆ మందు దాన్ని సడలిస్తుంది, సరే. ఇక్కడ సన్న గొట్టాల లోపలి పొర వాచి, కళ్లెతో, రాలిన కణాలతో పూడుకుపోయింది. సడలించడానికి ఏముందక్కడ? అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే సాల్బుటమాల్, అడ్రినలిన్, స్టీరాయిడ్లు వద్దంది. 2015లో వైద్య మార్గదర్శకాలిచ్చే బ్రిటన్ నైస్ సంస్థ ఇంకో అడుగు ముందుకేసి గాఢమైన ఉప్పునీటి తుంపరా వద్దంది.

రిబావిరిన్ కథ చెప్పకుండా ముందుకు పోలేను. 1980లలో వైరస్‌నే దెబ్బతీసే మందు దొరికిందని అంతా సంబరపడ్డారు. రోజుకు 12 నుంచి 18 గంటలు బిడ్డకు ఆ తుంపర పట్టాలి! మందు స్ఫటికాలై వెంటిలేటర్ గొట్టాల్లో పేరుకునేది. జంతువుల్లో పిండానికి హాని కనబడటంతో గర్భిణీ నర్సులకు ఆ గదిలోకి వెళ్లాలంటే భయం. ఇంతా చేసి పెద్దగా ఒరిగిందేమీ లేదు, మామూలు వాడకం నుంచి తప్పుకుంది.

జూనియర్ డాక్టర్లూ, ఓసారి ఇటు చూడండి. ఈసారి వార్డులో మందును కాదు, మాస్కును గమనించండి. తల్లి చేతులు పట్టుకుంటుంది, బిడ్డ తల తిప్పేస్తుంది, మాస్కు మొహానికి ఎడంగా జరుగుతుంది, పొగంతా చెవి పక్కనుంచి పోతుంది. ఏడ్చి ఏడ్చి అలిసి బిడ్డ పడుకుంటుంది. "చూశారా, మందు పట్టింది" అంటాం! పట్టింది నిద్ర.

"మిషన్ పెట్టరా డాక్టరు గారూ?" అని అడుగుతారు. అడగనీయండి. పెట్టకపోవడానికి కారణం చెప్పే ఓపిక లేకే కదా పెడుతున్నాం? ఆ పది నిమిషాలు ముక్కు శుభ్రం చేయడానికి వాడండి. ఈ వయసులో ఊపిరి ప్రధానంగా ముక్కుతోనే. పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టించమనండి. ఆక్సిజన్ తగ్గితే ఆక్సిజన్ ఇవ్వండి, తాగలేకపోతే గొట్టం ద్వారా పాలివ్వండి.

తల్లిదండ్రులకు ఒక్కమాట. వేడినీళ్ల ఆవిరి అసలొద్దు, కాలిన ఒళ్లు కొత్త జబ్బు. పాలు సగానికి తగ్గినా, 12 గంటలుగా ఉచ్చ పోయకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగినా వెంటనే ఆసుపత్రికి రండి. ఇంట్లో నెబ్యులైజర్ మిషన్ ఉంది కదా, ఒకసారి పెట్టి చూద్దామని ఆగకండి.