ఎవరి మోకాళ్లు ముందు అరుగుతాయి?

అందరికీ నమస్కారం.

మోకాళ్ల నొప్పులని ఎవరొచ్చినా మేం డాక్టర్లం ఒకటే పాట పాడతాం. బరువు తగ్గమ్మా, గొంతుక్కూర్చోవద్దు, మెట్లెక్కొద్దు, వెస్ట్రన్ టాయిలెట్ పెట్టించుకో. సలహాలో తప్పేం లేదు. కాకపోతే బ్యాంకులో పనిచేసే ఆవిడకీ, నాట్లకెళ్లే ఆవిడకీ అదే చీటీ రాసిస్తున్నాం. గొంతుక్కూర్చోకుండా ఆ రెండో ఆవిడ కలుపెలా తీస్తుంది? నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు చేట ఒళ్లో పెట్టుకుని పొద్దస్తమానం నేలమీదే ఉంటారు. వాళ్ల జీవనశైలిని నిర్ణయించేది వాళ్లు కాదు, రోజుకిన్ని బీడీలని లెక్కగట్టేవాళ్లు.

బరువు సంగతి నిజమే. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో ఆడవాళ్లను ఏళ్లతరబడి గమనించారు. సుమారు 5 కిలోలు తగ్గినవాళ్లకు మోకాళ్లు అరిగి నొప్పులు వచ్చే ముప్పు సగానికిపైగా తగ్గిందని 1992లో తేల్చారు. ఆ లెక్కన సన్నగా ఉండేవాళ్ల మోకాళ్లు బాగుండాలి కదా? బీజింగ్‌లో 60 దాటిన ఆడవాళ్లు ఫ్రామింగ్‌హామ్ వాళ్లకంటే సన్నం. అయినా ఎక్స్‌రేలు తీస్తే మోకాళ్ల అరుగుదల బీజింగ్‌లోనే ఎక్కువ కనబడింది. పాతికేళ్ల వయసులో రోజుకి ఎంతసేపు గొంతుక్కూర్చునేవారని అడిగారు. మూడు గంటలు దాటినవాళ్లకు, అరగంటలోపు కూర్చున్నవాళ్లతో పోలిస్తే ముప్పు రెట్టింపు పైమాటే. ఇక బరువూ, మోకాళ్ల మీద చేసే పనీ రెండూ కలిస్తే? ఊబకాయం ఉండి అలాంటి పని చేసేవాళ్లకు, రెండూ లేనివాళ్లకంటే ముప్పు 15 రెట్ల దాకా ఉందని 2000లో వచ్చిన ఒక బ్రిటన్ అధ్యయనం చెప్పింది.

మన పల్లెల్లో ఇప్పుడు ఆ రెండూ ఒక్క మనిషిలోనే కనిపిస్తున్నాయి. కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు, గుడ్డు ఎప్పుడో. నడుం చుట్టూ బరువు చేరుతుంది, తొడ కండరంలో మాత్రం బలం ఉండదు. ఆ కండరం ఆసరా లేకపోతే భారమంతా మోకాలి గుజ్జు మీదే పడుతుంది.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ దారి వేరు. అది అరుగుదల కాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద తిరగబడటం. అయినా అక్కడా ఇదే కథ. స్వీడన్‌లో 1996లో మొదలైన అధ్యయనంలో యూనివర్సిటీ డిగ్రీ లేనివాళ్లకు ఆ ముప్పు 40 శాతం దాకా ఎక్కువని తేలింది. పొగ తాగడమూ ఈ జబ్బు ముప్పును పెంచుతుంది, దాన్ని లెక్కలోంచి తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. అందరికీ ఉచిత చదువు, ఉచితమనదగ్గ వైద్యం ఉన్న దేశం అది! రాతి ధూళి పీల్చే మగవాళ్లకూ ఆ జబ్బు ఎక్కువేనని అదే అధ్యయనం చెప్పింది. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల నుంచి వచ్చినవాళ్లకు ఊపిరితిత్తుల ఎక్స్‌రే రాసినప్పుడు, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుంటున్నాయా అని కూడా అడగాలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, తాగే ఆడవాళ్లనూ అంతే. నోట్లో పుండు కోసం వెతుకుతాం, చేతులు పట్టుకుని చూడం.

నిలబడి కలుపు తీసే కోనో వీడర్లు, వంగకుండా విత్తే డ్రమ్ సీడర్లు వచ్చాయి. మంచిదే. కానీ యంత్రం దిగిన చోట ఆడకూలీలకు పనిరోజులు తగ్గుతాయి. మోకాలు మిగిలి, కూలి పోతే ఆవిడ సంతోషిస్తుందా? ఈ సంగతి మాట్లాడకుండా యంత్రాలను పొగిడేవాళ్లంటే నాకు చిరాకు.

ప్రశ్నలకు ముందు ఒక మాట. ఊళ్లో వేసే మోకాలి సూది గురించి ఎలాగూ అడుగుతారు. అందులో చాలావరకు స్టెరాయిడే. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు వేసి చూస్తే, ఉప్పునీటి సూది వేసినవాళ్లకంటే గుజ్జు ఎక్కువ తరిగిందని 2017లో తేలింది. ఈ మాట చెబితే ఒకావిడ, "నాట్లయ్యేదాకా నడిస్తే చాలు సార్" అంది. ఆవిడకి వద్దని చెప్పాను. వేరే చోట వేయించుకునే ఉంటుంది.

ఇక అడగండి.