పొడుగాటి ఇంగ్లిష్ మాటలు: ఆటలో ఏవి పనికొస్తాయి?

[తెర మీద: 45 ఇంగ్లిష్ అక్షరాలు ఒకే వరుసలో జరుగుతూ పోతుంటాయి]

న్యుమోనో అల్ట్రా మైక్రోస్కోపిక్ సిలికో వోల్కనో కోనియోసిస్.

ఇదంతా ఒకటే మాట. ఇంగ్లిష్ నిఘంటువుల్లోకి ఎక్కిన అతి పొడవైన మాటగా దీనికి పేరు. ముక్కలు చేస్తే భయం పోతుంది. న్యుమోనో అంటే ఊపిరితిత్తి. అల్ట్రా మైక్రోస్కోపిక్ అంటే సూక్ష్మాతి సూక్ష్మమైనది. సిలికో అంటే సిలికా, వోల్కనో అంటే అగ్నిపర్వతం, కోని అంటే దుమ్ము, ఓసిస్ అంటే జబ్బు. కలిపితే, అగ్నిపర్వతం చిమ్మిన సన్నటి ధూళిని పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. డాక్టర్లు దీనిని సిలికోసిస్ అనేసి ఊరుకుంటారు. క్వారీల్లో రాతిపొడి పీల్చేవారికి వచ్చేది అదే.

మరి ఇంత పొడుగు మాట ఎవరికి కావలసి వచ్చింది? 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే సంఘానికి అధ్యక్షుడైన ఎవరెట్ స్మిత్ పనిగట్టుకుని తయారుచేశాడు. పుట్టించినవాడే పదక్రీడల పిచ్చివాడు! అయినా ఆటలో మాత్రం ఇది ఎందుకూ కొరగాదు. స్క్రాబుల్ అంటే పాయింట్లు రాసి ఉన్న అక్షరాల బిళ్ళలను గళ్ళ బోర్డు మీద పేర్చి మాటలు కట్టే ఆట. ఆ బోర్డులో అడ్డంగా ఉండేవి 15 గళ్ళు. ఈ మాట పట్టాలంటే మూడు బోర్డులు పక్కపక్కన పరవాలి.

రెండో ప్రసిద్ధ మాట ఫ్లాక్సినాసినైహిలిపిలిఫికేషన్, 29 అక్షరాలు. ఇది మన దగ్గర వార్తల్లో కూడా నలిగింది. 2021 మే నెలలో, కోవిడ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో, అప్పటి తెలంగాణ మంత్రి కె.టి. రామారావు నోరు తిరగని మందుల పేర్లు వరసపెట్టి రాసి, వీటి వెనక, కొరుకుడుపడని ఇంగ్లిష్ మాటలకు పేరుపడ్డ నాయకుడు శశి థరూర్ హస్తం ఉందేమోనని ట్విట్టర్‌లో చమత్కరించారు. తన తప్పేమీ లేదంటూ థరూర్ ఈ మాటనే తిరిగి విసిరారు. అర్థం? దేనినైనా పనికిమాలినదిగా తీసిపారేయడం. ఫ్లాక్సి, నాసి, నైహిలి, పిలి అనే నాలుగూ లాటిన్ ముక్కలు. ఉన్నిపోగు, అల్పమైనది, శూన్యం, వెంట్రుక. మనం గడ్డిపోచ, పూచికపుల్ల, చిల్లిగవ్వ అంటామే, అలాంటివాటిని ఒకదాని తోకకు ఒకటి కట్టి చివర ఫికేషన్ తగిలించారన్నమాట. వేళాకోళానికి పుట్టిన మాట వేళాకోళానికే పనికొస్తుంది. అదేమీ చిన్న పని కాదు.

యాంటీడిస్ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం, 28 అక్షరాలు. ఇంగ్లండ్ చర్చికి ప్రభుత్వంతో ఉన్న అధికారిక బంధాన్ని తెంచవద్దనే వాదం. 19వ శతాబ్దపు రాజకీయం. క్విజ్‌లో అడిగితే చెప్పండి, అంతకంటే దీని దగ్గర ఆగనవసరం లేదు.

[తెర మీద: స్క్రాబుల్ బోర్డు. పై వరుసలో మూడు ఎర్ర గళ్ళు మెరుస్తాయి]

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్క్రాబుల్‌లో మీ ముందుండే బిళ్ళలు ఏడు. ఏడూ ఒకే దెబ్బకు వాడేస్తే అదనంగా 50 పాయింట్లు. బోర్డు మీద ముందే ఉన్న అక్షరాన్ని ఒకదానిని కలుపుకుంటే ఎనిమిది అక్షరాల మాట అవుతుంది. ఆటగాడికి పొడుగు మాట అంటే ఇదే. ఏడు, ఎనిమిది. అంతకు మించినవి దొరికితే అదృష్టం.

ఎనిమిదికి ఇంకో మహిమ ఉంది. బోర్డు అంచు వరుస చూడండి. ఒకటో గడి, ఎనిమిదో గడి, పదిహేనో గడి మూడూ మాట విలువను మూడింతలు చేసేవి. ఎనిమిది అక్షరాల మాట ఒకటో గడి నుంచి ఎనిమిదో గడి దాకా పరుచుకుంటే మూడు మూళ్ళు తొమ్మిది రెట్లు.

2006లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లెక్సింగ్టన్‌లో మైకేల్ క్రెస్టా అనే ఆటగాడు క్విక్సాట్రీ అనే మాట వేశాడు. లెక్క కట్టి చూద్దాం. క్యూకు 10, యుకు 1, ఐకి 1, ఎక్స్‌కు 8, ఓ, టి, ఆర్‌లకు ఒక్కొక్కటి, వైకి 4. మొత్తం 27. నాలుగో గడి అక్షరం విలువను రెండింతలు చేస్తుంది, అక్కడ కూర్చున్నది సరిగ్గా ఎక్స్. అంటే ఇంకో 8 కలిసి 35. తొమ్మిది రెట్లు 315. ఏడు బిళ్ళలూ వాడినందుకు 50. ఒక్క ఎత్తుతో 365! ఆ ఆటలో అతని మొత్తం 830.

దానికంటే పెద్దది 1982లో మాంచెస్టర్‌లో కార్ల్ ఖోష్నా వేసిన కజీక్స్. సి, ఎ, జెడ్, ఐ, క్యూ, యు, ఇ, ఎస్. పది పాయింట్ల జెడ్, పది పాయింట్ల క్యూ ఒకే మాటలో. మామూలుగా 28, ఎనిమిదో గడి నుంచి పదిహేనో గడి దాకా పరిస్తే క్యూ పన్నెండోదైన రెండింతల గడిలో పడి 38, తొమ్మిది రెట్లు 342, ఆపైన 50. మొత్తం 392.

[తెర మీద: రెండు మాటలు, వాటి కింద తెలుగు అర్థాలు]

క్విక్సాట్రీ అంటే డాన్ క్విక్సోట్ అనే పాత్ర తీరు: గాలిమరలను రాక్షసులనుకుని ఈటె పట్టుకుని మీదికి దూకడం, ఆచరణకు నిలవని ఆదర్శం. కజీక్ అంటే కరీబియన్ దీవుల్లో, అమెరికా ఖండంలో స్థానిక తెగల పెద్ద.

అర్థాలు తెలియకపోతే ఆడలేమా? ఆడవచ్చు. న్యూజీలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పానిష్ పోటీనీ గెలిచాడు. పదాల పట్టికను కంఠతా పట్టేశాడు, అంతే. ఆయన సంగతి వేరు. మనబోటివారికి అర్థం తెలియని మాట బుర్రలో నాలుగు రోజులు నిలవదు. పైగా ఆటలో అర్థానికి ఇంకో ఉపయోగం ఉంది.

బాండికూట్ తీసుకోండి. తొమ్మిది అక్షరాలు. ఇది మన పందికొక్కే. తెలుగు గడ్డ నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి ఆస్ట్రేలియా చేరి, అక్కడి వేరే జంతువుకు పేరైంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. అయితే ఆస్ట్రేలియాలో అది క్రియ కూడా. పైన ఆకులు, కాడలు కదలకుండా కింద దుంపలు మాత్రం తవ్వి కాజేయడం. పందికొక్కు చేసే పని కదా! నామవాచకమే అనుకున్నవారు చివర ఎస్ ఒక్కటే చేరుస్తారు. క్రియ అని తెలిసినవారు ఇడి, ఐఎన్‌జి కూడా చేర్చగలరు. బ్రిటిష్ పద్ధతి ఆటల్లో అనుసరించే కాలిన్స్ పట్టికలో ఆ రూపాలూ చెల్లుతాయి. ఎదుటివారు సవాలు చేస్తే నష్టం వారికే.

మరి ఏ మాటలు నేర్చుకోవాలి? అరుదైనవి కాదు, తరచుగా చేతికి వచ్చే బిళ్ళలతో అయ్యేవి. వంద బిళ్ళల్లో ఇ ఒక్కటే 12 ఉంటాయి, క్యూ ఒకే ఒక్కటి. అందుకే ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి అనే ఏడు అక్షరాలంటే ఆటగాళ్ళకు ప్రాణం. వీటితో రిటైన్స్, రెటీనాస్, నాస్టియర్ అవుతాయి. రెట్సీనా కూడా అవుతుంది, అది గ్రీసు దేశంలో దేవదారు జాతి చెట్ల జిగురు వాసనతో ఉండే ద్రాక్షసారా. స్టియరిన్ కూడా అవుతుంది, అది కొవ్వొత్తుల తయారీలో వాడే కొవ్వు. ఒక్కదానికే అలవాటుపడితే బోర్డు మీద చోటు దొరక్క కూర్చోవాలి.

[తెర మీద: ఖాళీ క్రాస్‌వర్డ్ గడులు]

ఇక పదబంధాల సంగతి. స్క్రాబుల్‌లో అవి చెల్లవు. క్రాస్‌వర్డ్‌లో మాత్రం వాటిదే రాజ్యం. ఇంగ్లిష్ పత్రికల క్రాస్‌వర్డ్ కూడా సాధారణంగా 15 గళ్ళ చదరమే కాబట్టి, సరిగ్గా 15 అక్షరాల పదబంధమంటే కూర్పరులకు మోజు. ఆధారం చివర ఒక్కో మాటకు ఎన్ని అక్షరాలో అంకెల్లో ఇస్తారు. అక్కడ 1, 5, 2, 1, 6 అని కనిపిస్తే, ఆ ఒకట్లు రెండూ దాదాపుగా ఎ అనే అక్షరమే. మధ్యలో రెండక్షరాల మాట ఇన్ అయి ఉండవచ్చు. ఇక మిగిలింది ఎ స్టార్మ్ ఇన్ ఎ టీకప్. గోరంత దానికి కొండంత రాద్ధాంతం. అంకెల సంగతి ముందు చూడండి, ఆధారం తరువాత చదవండి. నేనయితే అలాగే మొదలుపెడతాను.

7, 6 అని ఉండి ఎంపిక ప్రస్తావన వస్తే హాబ్సన్స్ చాయిస్. 17వ శతాబ్దంలో కేంబ్రిడ్జిలో గుర్రాలు అద్దెకిచ్చిన థామస్ హాబ్సన్ పేరు మీద వచ్చింది. తలుపు దగ్గరున్న గుర్రాన్ని తీసుకో, లేదంటే నడిచిపో. పేరుకే ఎంపిక.

ఇక మీ వంతు. ఇందాకటి ఏడు అక్షరాలకు జి కలపండి. ఎనిమిది అక్షరాల మాటలు కనీసం మూడు వస్తాయి. ఒకటి, మన ప్రకాశం, కరీంనగర్ జిల్లాల నుంచి ఓడలెక్కే రాళ్ళు. రెండోది, క్రేన్లను మోసే ఉక్కు చట్రాలు. మూడోది, చేసిన మేలు మరచిపోయేవారు. మూడూ బహువచనాలే. జవాబులు కింద వ్యాఖ్యల్లో రాయండి, నాలుగోది దొరికితే అర్థంతో సహా రాయండి.