ఏం పని చేస్తారని అడగండి

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఎండను లెక్కచేయక హనుమకొండ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. శుక్లాల ఆపరేషన్‌లో వేసే కొత్త లెన్సుల గురించి చెప్పమన్నారు. నేను మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవారి గురించే మాట్లాడతాను. వారికి జరుగుతున్నది చూస్తుంటే కడుపు మండుతోంది.

మైనస్ 6 దాటిన కళ్లు సాధారణంగా పొడవుగా సాగి ఉంటాయి. మామూలు కన్ను రమారమి 23.5 మిల్లీమీటర్లయితే, వీరిది 26 దాటుతుంది, కొందరిలో 30 కూడా. సాగిన కంట్లో రెటీనా, అంటే కంటి వెనక బొమ్మ పడే పొర, పలచబడుతుంది. మల్టీఫోకల్ అనే ఈ కొత్త లెన్సు లోపలికి వచ్చే వెలుగును దూరానికి కొంత, దగ్గరకు కొంత పంచుతుంది. రెటీనా నడిమి భాగం, అంటే సూటి చూపునిచ్చే మాక్యులా, ఆరోగ్యంగా ఉంటే ఫలితం బాగుంటుంది. చాలామంది అద్దాలు లేకుండానే బస్సు బోర్డూ, పేపరూ చదువుతారు. కాదనను. మాక్యులా దెబ్బతిన్నవారికి మాత్రం ఆ పంపకం నష్టమే. మసక వెలుతురులో మెట్లు ఆనవు. రాత్రిపూట లారీ దీపాల చుట్టూ వలయాలు ఎవరికైనా రావచ్చు.

కరీంనగర్ వెండి తీగ పని చేసే పెద్దాయన ఒకరు నా దగ్గరకు వచ్చారు. మైనస్ 8 కళ్లు. అద్దాలు తీస్తే 12 సెంటీమీటర్ల దూరంలో స్పష్టమైన చూపు. ఆ చూపుతోనే సన్నని తీగ మెలితిప్పి అత్తరుదానులు చేశారు. ఎక్కడో ఖరీదైన మల్టీఫోకల్ వేశారు. చార్టు మీద దూరమూ దగ్గరా రెండూ బాగున్నాయి. కానీ ఆ లెన్సుకు దగ్గరంటే 40 సెంటీమీటర్లు! "డాక్టరు గారూ, అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి, నా తీగ కనిపించడం లేదు" అన్నారు. ఆపరేషన్‌కు ముందు ఏం పని చేస్తారని ఆయన్ను ఎవరూ అడగలేదు. ఎంత పెట్టుకోగలరని అడిగారు.

ఒకే దూరానికి పనిచేసే మామూలు మోనోఫోకల్ లెన్సు వేసి, కావాలనే మైనస్ 4 మిగిల్చి ఉంటే 25 సెంటీమీటర్ల దగ్గర పని సాగేది. దూరానికి అద్దాలు ఎలాగూ అలవాటే.

అమ్మా, అయ్యా, మీ ఇంట్లో ఇలాంటి కళ్లున్నవారు ఉంటే ముందు రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ చేయించండి. పొడవైన కంటికి పాత సూత్రాలతో లెన్సు పవర్ లెక్కిస్తే చూపు అనుకున్న చోట నిలవక ప్లస్ పవర్ వైపు జరిగిపోతుంది. కొత్త సూత్రంతో లెక్కించారా అని అడగండి. ఏం పని చేస్తారో వారు అడగకపోయినా మీరే చెప్పండి.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు, ఒక్క మాట. ఏ లెన్సు వేసినా, ఈ కళ్లలో రెటీనా ఊడే ప్రమాదం ఎక్కువ. మెరుపులు మెరిసినా, నల్ల చుక్కలు హఠాత్తుగా పెరిగినా, చూపుకు ఒక పక్క తెర దిగినట్టున్నా, ఆపరేషన్ జరిగి ఏళ్లయినా సరే, ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి.