సీమోళ్ళంటే బాంబులేనా?

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో అద్దెగది కోసం తిరిగే కడప కుర్రాడికి ఒక జోకు తప్పదు. ‘ఏ ఊరు బాబూ?’ అని అడుగుతారు. కడప అనగానే ఓనరు నవ్వి, ‘బ్యాగులో బాంబులు లేవు కదా?’ అంటాడు. సరదాకే అంటాడు లెండి. మనవాడూ నవ్వేస్తాడు, గది కావాలి కదా మరి.

ఫ్యాక్షన్ అంతా కట్టుకథ అని చెప్పడానికి ఈ వీడియో చేయట్లేదు. నాటుబాంబులు నిజం, వేటకొడవళ్ళు నిజం, పగల వల్ల మగదిక్కు లేకుండా పోయిన ఇళ్ళూ నిజమే. కానీ అది కొన్ని ఊళ్ళలో, కొన్ని కుటుంబాల మధ్య పెత్తనం కోసం, పదవుల కోసం, కాంట్రాక్టుల కోసం నడిచిన గొడవ. నాయకుడి మీద విశ్వాసంతో వెనక నడిచిన బక్కరైతులూ కూలీలూ చచ్చారు, జైళ్ళకు పోయారు. తెర మీద మాత్రం తెల్లచొక్కా, వరసగా సుమోలు, తొడ కొడితే గాల్లోకి లేచే మనుషులు. 1990ల చివర్లో మొదలై చాలా ఏళ్ళు మన సినిమాకు ఇదే పంట. డబ్బులు నిర్మాతకు, ముద్ర అప్పటి రాయలసీమ నాలుగు జిల్లాలకు!

అసలు తమాషా ఏంటంటే, తెలుగు సినిమాకు ఒక స్థాయి తెచ్చినవాళ్ళలో సీమవాళ్ళే ముందుంటారు. వాహినీ బి.ఎన్.రెడ్డిదీ, ఆయన తమ్ముడు విజయా సంస్థ నాగిరెడ్డిదీ కడప జిల్లా. అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే అవార్డు వచ్చింది. 1957లో ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. ఇప్పుడు తాడిపత్రి పేరు వినగానే మీకు ముందు ఏం గుర్తొచ్చిందో నిజం చెప్పండి.

బయటివాళ్ళ సంగతి సరే, నాకు ఎక్కువ బాధ మనవాళ్ళతోనే. ఎవడైనా తిడితే పోట్లాడతాం. అదే ముద్రను ‘సీమ పౌరుషం’ అని పొగడ్తలా ఇచ్చేసరికి బైకు వెనక స్టిక్కరు వేయించుకున్నాం. కత్తి పట్టుకుని రీల్స్ చేసే పిల్లోడికి 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక గురించి అడిగి చూడండి. ఆంధ్ర రాష్ట్రం వస్తే తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో సీమ అవసరాలు ముందు చూస్తామని కోస్తా నాయకులు మద్రాసులో ఒప్పుకున్న కాగితం అది. రోషం చూపించాల్సిన చోటు ఏదైనా ఉందంటే అదే. దాని మీద ఒక్క పంచ్ డైలాగు కూడా లేదు!

అనంతపురం వైపు ఏడాదంతా కలిపినా వాన 550 మిల్లీమీటర్ల లెక్కలోనే ఉంటుంది. వేరుశనగ పూత బాగానే పడుతుంది. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగాలి, అప్పుడే కాయ. సరిగ్గా ఆ వారాల్లో వాన మొహం చాటేస్తే నేల గట్టిపడి ఊడ దిగదు, పైనే ఎండిపోతుంది. చేను చూస్తే పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయలుండవు. కట్టె పశువులకు, అప్పు మనిషికి. అట్లాంటి ఇళ్ళ నుంచి బెంగళూరుకు కూలికి పోతారు. రాయచోటి, రాజంపేట వైపునుంచైతే ఆడవాళ్ళు కువైట్‌లో ఇంటిపనికి పోయి, ఏళ్ళ తరబడి పిల్లల్ని ఫోన్‌లోనే చూసుకుంటారు. పిల్లల్ని వదిలి అంత దూరం పోవడానికి కావాల్సిన గుండెధైర్యం ముందు ఈ తొడ కొట్టుడు ఏపాటిదప్పా?

అట్లని మనమేమైనా తక్కువ తిన్నామా అంటే, అదీ లేదు. కోస్తా సంబంధం వచ్చిందంటే ‘వాళ్ళు మాటలతోనే ముంచేస్తారు, జాగ్రత్త’ అని పెళ్ళిచూపులకు ముందే తీర్పు చెప్పేసే పెద్దలు మా ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. గోదావరి వెటకారం మీద మనం వేసే జోకులైతే లెక్కే లేదు. వాటి గురించి వచ్చే వీడియోలో మాట్లాడదాం. ఉంటాను.