కానర్ బెడార్డ్ జూనియర్ రోజులు: గోల్స్ అతనివి, ఓటములు జట్టువి

నమస్తే అండి. 2025 ఏప్రిల్‌లో వైభవ్ సూర్యవంశీ పద్నాలుగేళ్ల వయసులో ఐపీఎల్‌లో 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. అప్పుడు సంతోషంతో పాటు చాలామందికి ఒక భయం కూడా కలిగింది. ఇంత చిన్న పిల్లాణ్ణి అంత పెద్దవాళ్ల మధ్యకు పంపడం సరైనదేనా అని. కెనడాలో ఐస్ హాకీ వాళ్లు ఈ ప్రశ్నను ఎవరి ఇష్టానికీ వదిలెయ్యలేదు. దానికి ఒక నియమం పెట్టుకున్నారు. ఆ నియమం దాటి వచ్చిన ఒక కుర్రాడి మొదటి మూడేళ్ల గురించే ఈ వీడియో. అతని పేరు కానర్ బెడార్డ్.

ఐస్ హాకీ మనలో చాలామందికి కొత్త ఆట కాబట్టి, కావాల్సినంత వరకు మధ్యమధ్యలో చెప్తూ వెళ్తాను.

కెనడాలో పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఆడే పెద్ద జూనియర్ లీగ్‌లు మూడున్నాయి. అంటారియో లీగ్, క్యుబెక్ లీగ్, వెస్టర్న్ లీగ్. ఉత్తర అమెరికాలోని అతిపెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లే ఆటగాళ్లలో చాలామంది ఈ మెట్టు ఎక్కే వెళ్తారు. పదిహేనేళ్లవాడు ఇక్కడ పూర్తి సీజన్ ఆడాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. దాన్ని 'ఎక్సెప్షనల్ స్టేటస్' అంటారు. బాగా ఆడితే చాలదు. చదువు ఎలా ఉంది, ఇల్లు వదిలి ఉండగలడా, తనకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లతో ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో నెట్టుకురాగలడా, ఇవన్నీ చూస్తారు. 2005లో జాన్ టవారెస్‌కు మొదటిసారి ఇచ్చారు. తర్వాత ఆరన్ ఎక్‌బ్లాడ్, కానర్ మెక్‌డేవిడ్, షాన్ డే, జో వెలెనో, షేన్ రైట్. పదిహేనేళ్లలో మొత్తం ఆరుగురు. అందరూ అంటారియో, క్యుబెక్ లీగ్‌ల వాళ్లే. పశ్చిమాన వెస్టర్న్ లీగ్‌లో అప్పటిదాకా ఒక్కరికీ రాలేదు.

అనుమతి వచ్చినంత మాత్రాన భవిష్యత్తు ఖాయమైపోదు. మెక్‌డేవిడ్ ఈ తరం అత్యుత్తమ ఆటగాడయ్యాడు. కానీ షాన్ డే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే చోట, మూడో రౌండ్ దాకా, 81వ నంబరు దాకా ఆగాల్సి వచ్చింది. షేన్ రైట్ మొదటి నంబరుకు పోతాడని రెండేళ్లు అందరూ రాస్తే, 2022లో నాలుగో నంబరుకు వెళ్లాడు. పదిహేనేళ్ల వయసులో ఎవరి గురించైనా మనం చెప్పగలిగింది కొంతే.

ఇక బెడార్డ్. 2005 జులై 17న పుట్టాడు. ఊరు బ్రిటిష్ కొలంబియాలోని నార్త్ వాంకూవర్. తండ్రి అడవుల్లో చెట్లు కొట్టే పని చేసేవారు. 2019-20లో వెస్ట్ వాంకూవర్ అకాడమీ తరఫున అండర్-18 విభాగంలో ఆడాడు. అప్పటికి అతని వయసు పద్నాలుగు. 36 మ్యాచ్‌ల్లో 43 గోల్స్, మొత్తం 84 పాయింట్లు. హాకీలో గోల్ కొట్టినవాడికి ఒక పాయింట్, ఆ గోల్‌కు ముందు పక్ (బంతి బదులు వాడే గుండ్రటి రబ్బరు బిళ్ల) అందించిన ఒకరిద్దరికి కూడా ఒక్కో పాయింట్. ఆ రెండోదాన్ని అసిస్ట్ అంటారు. మ్యాచ్‌కు సగటున ఒక పాయింట్ వస్తేనే గొప్ప. ఇతను రెండు దాటాడు, అదీ మూడేళ్లు పెద్దవాళ్ల మీద.

2020 మార్చిలో అనుమతి వచ్చింది. వెస్టర్న్ లీగ్‌లో మొదటివాడు, దేశంలో ఏడోవాడు. ఆ తర్వాత లీగ్ డ్రాఫ్ట్‌లో రెజైనా ప్యాట్స్ అతన్ని మొదటి నంబరుకు తీసుకుంది. సస్కాచవాన్ రాష్ట్ర రాజధాని రెజైనా. 1917లో మొదలైన క్లబ్ అది.

తేదీ గమనించారా? 2020 మార్చి. అనుమతి చేతికొచ్చిన నెలలోనే కోవిడ్‌తో రింకులన్నీ, అంటే మంచు మైదానాలన్నీ, మూతపడ్డాయి. ఏడో పిల్లవాడికి ఆడటానికి మంచు లేదు. స్వీడన్ వెళ్లి హెచ్‌వి71 క్లబ్ జూనియర్ జట్లతో కొద్ది మ్యాచ్‌లు ఆడి వచ్చాడు. చివరికి 2021 మార్చిలో సస్కాచవాన్, మానిటోబా జట్లన్నిటినీ రెజైనాకే తెచ్చి, ఒకే రింకులో, ప్రేక్షకులు లేకుండా కుదించిన సీజన్ నడిపారు. బెడార్డ్ మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు. 15 మ్యాచ్‌ల్లో 12 గోల్స్, 28 పాయింట్లు. లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అతనికే వచ్చింది. అక్కడి నుంచి నేరుగా టెక్సాస్‌లో అండర్-18 ప్రపంచ పోటీలకు వెళ్లి, ఏడు మ్యాచ్‌ల్లో 14 పాయింట్లు చేసి, కెనడాతో కలిసి స్వర్ణం గెలిచాడు. వయసు ఇంకా పదిహేనే.

ఇక్కడ కాస్త ఆగి అతని షాట్ గురించి చెప్పాలి. అంకెలు పక్కన పెట్టినా నేను ఈ కుర్రాడి వీడియోలు మళ్లీ మళ్లీ చూసేది దీనికోసమే.

ఐస్ హాకీ గోల్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పెద్ద ప్యాడ్లు కట్టుకున్న గోలీ, అంటే గోల్‌కీపర్, ఎదురుగా నిలబడితే కనిపించే ఖాళీ చాలా తక్కువ. గోలీ షాట్ కొట్టేవాడి ఛాతీని చూసి నిలబడడు, పక్ ఎక్కడుందో దానికి ఎదురుగా నిలబడతాడు. పక్‌కూ గోల్‌కూ మధ్య ఒక గీత ఊహించుకొని, సరిగ్గా దాని మీద ఉంటాడు. కోణం మూసెయ్యడం అంటారు దీన్ని. బెడార్డ్ ఏం చేస్తాడంటే, పక్‌ను శరీరానికి దూరంగా, స్టిక్ చివర పట్టుకొని వస్తాడు. గోలీ ఆ చోటుకు కోణం మూస్తాడు. కొట్టే క్షణంలో పక్‌ను ఒక్కసారిగా తన కాళ్ల వైపు లాక్కుంటాడు, ఆ లాగుడులోనే మణికట్టు తిప్పి వదిలేస్తాడు. లాగడం వేరు, కొట్టడం వేరు కాదు అతనికి, రెండూ ఒకటే కదలిక. పక్ బయలుదేరిన చోటు మారిపోయింది, గోలీ మాత్రం పాత గీత మీదే ఉన్నాడు. మధ్యలో డిఫెన్స్‌మన్ స్టిక్ అడ్డం పెట్టినా, పక్ దాన్ని తప్పించుకొని లోపలి నుంచి వస్తుంది. ఇంత వేగంగా చెయ్యాలంటే చేతుల బలం ఒక్కటే చాలదు. పై చెయ్యి, కింది చెయ్యి, నడుము ఒకే లయలో కదలాలి. అతని ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు, ఈ ఆటలో అది చిన్న శరీరం కిందే లెక్క. పెద్దవాళ్లను తోసుకుంటూ గోల్ ముందుకు వెళ్లే అవకాశం తక్కువ. అందుకే దూరం నుంచే గోలీని మోసం చెయ్యడం నేర్చుకున్నాడని నా అభిప్రాయం.

2021-22 అతని మొదటి పూర్తి సీజన్. 62 మ్యాచ్‌ల్లో 51 గోల్స్, సరిగ్గా 100 పాయింట్లు. వెస్టర్న్ లీగ్ చరిత్రలో అంత చిన్న వయసులో 50 గోల్స్ దాటినవాడు లేడు. అయినా రెజైనా ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అదే ఏడాది డిసెంబర్ 28న ఎడ్మంటన్‌లో ప్రపంచ జూనియర్ పోటీల్లో ఆస్ట్రియా మీద నాలుగు గోల్స్ కొట్టాడు. వయసు పదహారు. మిగతా ఆటగాళ్లలో ఎక్కువమంది పద్దెనిమిది, పంతొమ్మిది ఏళ్లవాళ్లు. మర్నాడే కోవిడ్ కేసుల వల్ల టోర్నమెంట్ రద్దు చేశారు. 2022 ఆగస్టులో మళ్లీ మొదటి నుంచి ఆడించారు, కెనడా స్వర్ణం గెలిచింది. అయితే నడివేసవిలో ఖాళీ సీట్ల ముందు జరిగిన ఆ గెలుపు చాలామందికి గుర్తు కూడా లేదు.

అందరికీ గుర్తుండిపోయింది ఆ తర్వాతిది. 2022 డిసెంబర్, హాలిఫాక్స్. మొదటి మ్యాచ్‌లోనే కెనడా చెకియా (చెక్ రిపబ్లిక్) చేతిలో 5-2తో ఓడిపోయింది. సొంత గడ్డ మీద కెనడా జూనియర్ జట్టు ఓడిపోతే ఆ దేశంలో టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. తర్వాతి మ్యాచ్‌లో జర్మనీ మీద బెడార్డ్ ఒక్కడే ఏడు పాయింట్లు చేశాడు. క్వార్టర్ ఫైనల్లో స్లొవాకియా గోలీ ఆడం గాయాన్ గోడలా నిలబడ్డాడు. 3-3, ఓవర్‌టైమ్. ఒక్క గోల్ పడితే ఓడినవాళ్లు ఇంటికే. బెడార్డ్ పక్ తీసుకొని స్లొవాకియా ఆటగాళ్ల మధ్య నుంచి సందులు వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు, గాయాన్‌ను ఒక పక్కకు లాగి, రెండో పక్క నుంచి లోపలికి నెట్టేశాడు. పైన చెప్పిన షాట్ కాదిది. షాట్ కొడతాడన్న భయాన్ని వాడుకొని కొట్టిన గోల్. ఆ ఒక్క మ్యాచ్‌లోనే కెనడా తరఫున ఈ పోటీల్లో ఎరిక్ లిండ్రోస్ పాయింట్ల రికార్డు, జోర్డన్ ఎబర్లీ గోల్స్ రికార్డు రెండూ దాటిపోయాయి.

కెనడా ఫైనల్లో చెకియానే ఓవర్‌టైమ్‌లో ఓడించి స్వర్ణం గెలిచింది. బెడార్డ్ 7 మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు. అంతకుముందు ఒక టోర్నమెంట్‌లో కెనడా ఆటగాడి అత్యధికం 18. మ్యాచ్ అయ్యాక టీవీవాళ్లు మైకు పెట్టి రికార్డుల గురించి అడిగితే, జట్టు గెలిచింది, ఇప్పుడు నా గురించి వద్దు అన్నట్టుగా తేల్చి చెప్పాడు. పదిహేడేళ్లవాడు అలా అనడం నాకు చాలా నచ్చింది.

మళ్లీ రెజైనాకు వద్దాం. హాలిఫాక్స్ తర్వాత అతన్ని చూడటానికి జనం ఎగబడ్డారు. ప్యాట్స్ బయట ఊళ్లకు వెళ్తే రింకులు నిండిపోయాయి. జూనియర్ మ్యాచ్‌కు కాల్గరీ సాడిల్‌డోమ్‌లో 17 వేల మందికి పైగా వచ్చారు. ఇలాంటి ఆటగాణ్ణి చివరి ఏడాది బలమైన జట్టుకు ట్రేడ్ చెయ్యడం జూనియర్ లీగ్‌లలో మామూలే. ట్రేడ్‌లకు జనవరి గడువు దాటింది, బెడార్డ్ రెజైనాలోనే ఉన్నాడు. సీజన్ ముగిసేసరికి 57 మ్యాచ్‌ల్లో 71 గోల్స్, 72 అసిస్ట్‌లు, 143 పాయింట్లు. వరసగా 35 మ్యాచ్‌ల్లో కనీసం ఒక పాయింట్. మూడు లీగ్‌లూ కలిపి ఇచ్చే ఉత్తమ ఆటగాడు, అత్యధిక స్కోరర్, ఉత్తమ ప్రాస్పెక్ట్ (భవిష్యత్తుపై ఎక్కువ ఆశలున్న కుర్రాడు) అవార్డులు మూడూ ఒకే ఏడాది ఒక్కరికే రావడం అదే మొదటిసారి.

జట్టు సంగతి? ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో సస్కటూన్ బ్లేడ్స్ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓడి ఇంటికి వచ్చింది. జూనియర్‌లో బెడార్డ్ ఆడిన ప్లేఆఫ్ సిరీస్ అదొక్కటే. దీన్ని పట్టుకొని కొందరు, అంత గొప్పవాడైతే జట్టును ఎందుకు గెలిపించలేదు అని అడుగుతారు. నేను ఈ మాటతో అస్సలు ఏకీభవించను.

క్రికెట్‌లో ఓపెనర్ చివరిదాకా అవుట్ కాకుండా ఉంటే ఇన్నింగ్స్ మొత్తం తనే మొయ్యొచ్చు. హాకీలో ఆ వీలు లేదు. మ్యాచ్ అరవై నిమిషాలు. ఫార్వర్డ్ ఒక్కసారి మంచు మీదికి వస్తే ముప్పావు నిమిషం పరిగెత్తి బెంచీకి వెళ్లిపోవాలి, అంతకుమించి ఆ వేగం ఎవరి కాళ్లకూ సాధ్యం కాదు. ఎంత పెద్ద స్టార్ అయినా మొత్తం మీద ఇరవై నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. మిగతా నలభై నిమిషాలు అతను బెంచీ మీద కూర్చొని చూస్తూ ఉండాల్సిందే. ఆ నలభై నిమిషాల్లో జట్టు ఎన్ని గోల్స్ ఇచ్చుకుంటుందో అతని చేతిలో లేదు.

ఇప్పుడు సస్కటూన్ సిరీస్ చూడండి. అవతలి కోచ్‌కు రెజైనాలో ఆపాల్సింది ఎవరినో తెలుసు. బెడార్డ్ మంచు మీదికి రాగానే తన ఉత్తమ డిఫెన్స్‌ను పంపగలడు, వరసగా ఏడు మ్యాచ్‌లు అదే జట్టుతో ఆట కాబట్టి అతని అలవాట్లన్నీ చదివెయ్యగలడు. అంత కాపలా మధ్య ఏడు మ్యాచ్‌ల్లో 10 గోల్స్, 10 అసిస్ట్‌లు చేశాడు. నన్నడిగితే హాలిఫాక్స్ స్వర్ణం కంటే ఈ ఓడిపోయిన సిరీసే అతని స్థాయికి పెద్ద రుజువు. హాలిఫాక్స్‌లో పక్కన దేశంలోని ఉత్తమ కుర్రాళ్లంతా ఉన్నారు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఒక జూనియర్ ఆటగాణ్ణి అంచనా వెయ్యాలంటే గెలిచిన కప్పులు కాదు, బలహీనమైన జట్టులో ప్రత్యర్థి దృష్టంతా తన మీదే ఉన్నప్పుడు ఏం చేశాడో చూడాలి.

2023 మే నెలలో, డ్రాఫ్ట్‌లో మొదటి వంతు ఎవరిదో తేల్చే ఎన్‌హెచ్‌ఎల్ లాటరీలో చికాగో బ్లాక్‌హాక్స్ గెలిచింది. జూన్ 28న నాష్‌విల్‌లో బెడార్డ్‌ను మొదటి నంబరుకు తీసుకుంది. మర్నాడు రెండో రౌండ్‌లో అదే చికాగో ఎవరిని తీసుకుందో తెలుసా? హాలిఫాక్స్‌లో అతని గోల్‌కు బలైన ఆడం గాయాన్‌ను.

అక్టోబర్ 10న పిట్స్‌బర్గ్‌లో కెనడా దిగ్గజం సిడ్నీ క్రాస్బీకి ఎదురుగా మొదటి మ్యాచ్, ఒక అసిస్ట్. మర్నాడు బోస్టన్‌లో మొదటి గోల్. జనవరిలో ఒక దెబ్బకు దవడ విరిగి కొన్ని వారాలు ఆటకు దూరమయ్యాడు. అయినా 68 మ్యాచ్‌ల్లో 61 పాయింట్లతో జట్టులో అందరికంటే ముందున్నాడు, ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు. జట్టు మాత్రం 32 జట్ల లీగ్‌లో చివరి నుంచి రెండో స్థానం. రెజైనాలో చూసిన పరిస్థితే అక్కడా ఎదురైంది.

మీలో కెనడాలో ఉన్నవాళ్లెవరైనా బెడార్డ్‌ను జూనియర్ మ్యాచ్‌లో నేరుగా చూసి ఉంటే కింద రాయండి, నిజంగా చదవాలని ఉంది. వచ్చే వీడియో లాండన్ డ్యుపాంట్ మీద. వెస్టర్న్ లీగ్‌లో బెడార్డ్ తర్వాత ఈ అనుమతి వచ్చింది అతనికే, పైగా అతను డిఫెన్స్‌మన్. ఎవెరెట్ జట్టు 2024లో మొదటి నంబరుకు తీసుకుంది. పదిహేనేళ్ల డిఫెన్స్‌మన్‌కు ఇది ఫార్వర్డ్ కంటే ఎందుకు కష్టమో అందులో మాట్లాడుకుందాం. ఉంటానండి.